గోడలో ఉన్న సర్టిఫికెట్

"ఒరిజినల్ యాడుండాదమ్మా?" అని అడిగాడు లైసెన్సుల ఆఫీసు కౌంటరు వెనక పెద్దాయన.

"గోడలో ఉంది సార్" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని నన్ను ఎగాదిగా చూశాడు. బయట వేలూరు ఎండ మండిపోతోంది. ఎండదెబ్బ తగిలిన మనిషితో మాట్లాడినట్టు, "గోడలో అంటే ఎట్లా?" అని నెమ్మదిగా అడిగాడు. నా తమిళంలో యాస పట్టేసి అప్పటికే తెలుగులోకి మారిపోయాడు. మా వైపు అంతే, ఒక మాట తమిళంలో మొదలై తెలుగులో ముగుస్తుంది.

నేను రెస్పిరేటరీ థెరపిస్టుని. ఊపిరి ఆడనివాళ్ళకు ఆడేలా చూడటం నా పని. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకు గాలి ఎంత వెళ్ళాలో, ఎంత రావాలో సరిచేస్తాను. కోలుకుంటుంటే మిషను తప్పించి మెల్లగా సొంత ఊపిరికి అలవాటు చేస్తాను. ఇంటికి వెళ్ళేవాళ్ళకు ఇన్హేలర్ పీల్చటం నేర్పుతాను. ఈ చివరి పనిలో నాకో మొండిపట్టు ఉంది. "అర్థమైంది మేడం" అంటే వదలను. "అయితే చేసి చూపించండి" అంటాను. ఇంట్లో ఆయాసం వచ్చినప్పుడు పక్కన నేనుండను కదా. వాళ్ళంతట వాళ్ళు చేసి చూపించేదాకా మంచం దగ్గర నుంచి కదలను. వార్డులో నా వెనక ఈ మాటను వెక్కిరించి నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ.

ఈ పని చేయాలంటే కౌన్సిల్ లైసెన్సు ఉండాలి. ఐదేళ్ళకొకసారి దాన్ని రెన్యువల్ చేయించుకోవాలి. పోయినసారి జెరాక్సు మీద ఒక అధికారి సంతకం సరిపోయింది. ఈసారి డిగ్రీ ఒరిజినల్ చేతికి ఇచ్చి చూపించాలన్నారు. ముందువైపే కాదు, వెనకవైపు ఉన్న యూనివర్సిటీ సీలు కూడా స్కాన్ చేయాలట. క్లాసులకు హాజరైన కాగితాలు ఉన్నాయి, హాస్పిటల్ ఇచ్చిన లెటరు ఉంది, ఫోటోలు ఉన్నాయి. అన్నీ ఉన్నాయి, అసలుది తప్ప. గడువు ఇంకా ఎనిమిది రోజులు. అది దాటితే డ్యూటీ పట్టికలో నా పేరు ఉండదు. పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్న పనిని మరుసటి పొద్దున ముట్టుకోకూడదు.

గోడ సంగతి చెప్పాలంటే మా నాయన సంగతి చెప్పాలి. ఆయన మేస్త్రి. మా వైపు ఇల్లు కట్టుకున్నవాళ్ళకు ఒక ముచ్చట ఉంది. పని అంతా అయ్యాక గుమ్మం పైన గోడలో పేరు చెక్కిన రాతిపలక పొదిగించుకుంటారు. పక్కనే దేవుడి బొమ్మ ఉన్న టైలు. వాటిని పొదగటంలో నాయనది అందెవేసిన చేయి. పళ్ళికొండ నుంచి ఆంబూరు దాకా ఎందరి పేర్లో గుమ్మాల మీదికి ఎక్కించాడు. ఆ పేర్లలో ఒక్కటీ ఆయన చదవలేడు. పలక తలకిందులు కాకుండా పై అంచున సుద్దముక్కతో గీత గీయించుకునేవాడు.

నా చదువు ముగిసిన ఏడాదే గుడియాత్తంలో మా సొంత ఇంటి పని కూడా ముగిసింది. మన గుమ్మానికి ఏం పేరు చెక్కిద్దామని అమ్మ అడిగితే "రాయెందుకు?" అన్నాడట. నేను హాస్పిటల్లో చేరి, ఒరిజినల్ తెచ్చి బీరువాలో పెట్టిన వారానికి డ్యూటీ నుంచి వచ్చి చూస్తే అది హాలు గోడలో ఉంది. వెనక ప్లాస్టిక్ కాగితం, ముందు గాజుపలక, నాలుగు వైపులా తెల్ల సిమెంటు. వేలితో తడిమితే ఎక్కడ గోడ ఆగిందో, ఎక్కడ సిమెంటు మొదలైందో తెలియదు.

"ఇంక చెదలు పట్టవు. దొంగోడు ఎత్తకపోడు" అన్నాడు నాయన.

"జెరాక్సు పెట్టి ఉండొచ్చు కదా నాయనా?"

"జెరాక్సుకు ఎవురన్నా గోడ తొలస్తారా?"

ఈ కథ చెప్పి డ్యూటీ రూములో ఏళ్ళ తరబడి అందర్నీ నవ్వించాను. ఆ రోజు కౌంటరు ముందు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఫోన్లో ఉన్న ఫోటో చూపించాను. పెద్దాయన దాన్ని పెద్దది చేసి, అంచులన్నీ పరీక్షగా చూసి, "పని మాత్రం నాజూగ్గా చేసినాడు" అన్నాడు. తర్వాత ఫోను తిరిగిచ్చి, "ఒరిజినల్ లేకుండా ముడియాదమ్మా. కుదరదు. పోయిందని పోలీసుల దగ్గర కాగితం తీసుకుని డూప్లికేట్‌కు రాసుకో. మూడు నెలలు పడుతుంది" అన్నాడు.

"పోలేదు సార్. రోజూ అన్నం తింటా చూస్తానే ఉన్నా."

"అట్లయితే గోడ పగలగొట్టు" అన్నాడు, అదేదో కిటికీ తెరిచినంత తేలిక అన్నట్టు.

బస్సులో విరించిపురం దాటేదాకా నాయన మీద కోపంతో ఉడికిపోయాను. గోడ పగలగొట్టడం కష్టమేమీ కాదు. కష్టమంతా నాయనతోనే. ఇరవై ఏళ్ళ పాటు రాతి పలకలూ టైల్సూ కోసిన దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. దెబ్బతిన్న ఊపిరి తిరిగి రాదు, మిగిలినదాన్ని పొదుపుగా వాడుకోవాలి. ఆ మాట ఎందరికో చెప్పాను, మా నాయనకూ నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన తాపీ, ఉలి, సుత్తి అన్నీ మూటకట్టి అటక మీద పడేసింది నేనే. ఆ గోడ పనికి ఇంకో మేస్త్రిని పిలుద్దామని దారిలోనే నిర్ణయించుకున్నాను.

నాయన వరండాలో కూర్చుని ఉన్నాడు. సంగతి అంతా విన్నాడు. ఆయనకు మాట రావాలంటే ముందు ఊపిరి కూడదీసుకోవాలి.

"తప్పు చేసినా కదమ్మా" అన్నాడు చివరికి. "తీయాల్సి వస్తాదని అనుకోలా."

దారి పొడుగునా పోగేసుకున్న కోపం ఆ ఒక్క మాటతో చల్లబడిపోయింది. దానికంటే తిట్టి ఉంటే బాగుండేది. ఇంకో మేస్త్రి అనగానే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"ఇంకొకడు ఉలి పెడితే గాజు పగిలి కాగితంలోకి దిగతాది. లోపల మేకులు యాడ కొట్టినానో నాకే తెలుసు. నేనే తీస్తా."

"నీకు దుమ్ము తగలకూడదు. ఆ కాగితం పోతే పోనీ, నాకక్కర్లేదు" అని అరిచాను.

"నా ఊపిరి కోసం నువ్వు ఇంతగా చూస్తా ఉండావే. నీ పని పోతే నేను చూస్తా కూర్చోవాల్నా?" అన్నాడు. అరవలేదు. అరిచే ఊపిరి ఆయనకు లేదు. లోపల నుంచి అమ్మ వచ్చి, "ఇద్దరూ ఇద్దరే. రాజీకి రాండి, కూడు చల్లారిపోతా ఉండాది" అంది.

రాజీకి వచ్చాం. షరతులు నావి. మూతికి బిగుతైన మాస్కు. వేలికి ఆక్సిజన్ చూపించే మీటరు. అంకె తొంభైకి దిగితే ఉలి కింద పెట్టాలి. గోడ తడిపి పనిచేయాలి, పొడి దుమ్ము లేవకూడదు. నాయన అన్నిటికీ ఒప్పుకుని ఒక్కదాని దగ్గర ఆగాడు.

"తడి ఎక్కువైతే కాగితం నానిపోతాదమ్మా."

అది నాకు తట్టలేదు. తడి ఎక్కువైతే నా కాగితం, తక్కువైతే నాయన ఊపిరి. అమ్మే ఉపాయం చెప్పింది. తడిబట్ట పట్టుకుని తాను పక్కన నిలబడి, ఉలి మొన మీద మాత్రం చుక్క చుక్కగా పిండుతుందట.

ఆదివారం పొద్దున ఎండ ఎక్కకముందే మొదలుపెట్టాం. నడవటానికే ఆగి ఆగి అడుగులు వేసే మనిషి, స్టూలు మీద కూర్చుని ఉలి చేతిలోకి తీసుకోగానే నిటారుగా అయిపోయాడు. ముందు వేలి కణుపుతో గోడ మీద తట్టి విన్నాడు. నేను రోగి వీపు మీద తట్టి వినే పద్ధతి గుర్తొచ్చి నవ్వొచ్చింది. తర్వాత సుత్తితో చిన్న చిన్న దెబ్బలు. ఒక దెబ్బ, అమ్మ చేతిలోంచి ఒక నీటిచుక్క. తెల్ల సిమెంటు పాలలా కరిగి గోడ మీద జారుతోంది. దుమ్ము లేవలేదు.

నా కళ్ళు గోడ మీద లేవు, మీటరు మీదే. తొంభై మూడు. తొంభై రెండు. తొంభై.

"నాయనా, ఆపు."

మారుమాట లేకుండా ఉలి ఒళ్ళో పెట్టుకుని పక్క గదిలోకి వచ్చి కూర్చున్నాడు. మాస్కు దించి, నేను నేర్పినట్టే ముక్కుతో పీల్చి, పెదాలు గుండ్రంగా చుట్టి, వేడి అన్నం ఊదినట్టు మెల్లగా వదిలాడు. మా వార్డులో అంత బుద్ధిగా మాట విన్న రోగి ఇంకొకరు లేరు. అంకె ఎక్కాక, "ఐదేండ్లకోసారి నీకు పని వచ్చునో లేదో అడగతారా?" అన్నాడు.

"అట్లాంటిదే."

"మంచిదే. నన్ను ఎవురూ ఏ పొద్దూ అడగలా. అడిగింటే ఆ పొద్దే మూతికి గుడ్డ కట్టుకోమని చెప్పి ఉందురు" అన్నాడు. అందులో ఫిర్యాదు లేదు, ఉన్న సంగతి చెప్పాడు. నేను మాత్రం మీటరు చూస్తున్నట్టు తల దించుకున్నాను. నేను ఊపిరి శాస్త్రం చదివిన నాలుగేళ్ళూ ఆయన టైల్సు కోస్తూనే ఉన్నాడు. నా పుస్తకంలో దుమ్ము గురించిన పాఠం చదివి, పరీక్ష రాసి, మార్కులు తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి ఒక మాస్కు ఇవ్వాలని మాత్రం తోచలేదు. ఇన్నాళ్ళూ ఈ ముక్క ఎవరికీ చెప్పుకోలేదు.

అలా ఏడుసార్లు ఆగాం. మధ్యలో అమ్మ, "సీక్కిరం అయిపోతే బాగుణ్ణు, చేతులు పడిపోతా ఉండాయి" అని గొణిగింది గానీ బట్ట వదల్లేదు. పదకొండు దాటాక గాజుపలక కదిలింది. నాయన రెండు అరచేతులూ ఆనించి, నిద్రపోతున్న పిల్లను ఎత్తినట్టు దాన్ని ఎత్తి నాకిచ్చాడు. కాగితం అంచులు పసుపెక్కాయి. ఒక మూల గోరంత ముక్క గాజుకే అతుక్కుపోయింది. అంతే. వెనక్కి తిప్పాను. సీలు నిన్న కొట్టినట్టు ఉంది.

నాయన కాగితం వైపు చూడలేదు, మీటరు వైపు చూసుకున్నాడు. "తొంభై ఒకటి. చూస్తాండావా? నేను గెలిచినా" అన్నాడు. గెలిపించింది నన్ను.

మర్నాడు వేలూరులో కౌంటరు పెద్దాయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "సిమెంటు వాసన వస్తా ఉండాదే" అన్నాడు. ముందు, వెనక స్కాన్ చేసి, ముద్రలు కొట్టి, "మీ నాయనకు నమస్కారం చెప్పు" అన్నాడు. నాలుగో రోజు లైసెన్సు రెన్యువల్ అయినట్టు ఫోనుకు మెసేజీ వచ్చింది. గడువుకు ఇంకా రెండు రోజులున్నాయి. ఆ పూట వార్డులో ఒక ముసలావిడకు మిషను తప్పించాను. ఆవిడ సొంతంగా తీసుకున్న మొదటి ఊపిరి వింటుంటే, ఈ చెవికి ఈ పని మిగిల్చింది ఎవరో గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చేసరికి గోడలో గుంట అలాగే ఉంది గానీ దానికి చిన్న చెక్క తలుపు వచ్చింది. కొత్త కీళ్ళు, పైన ఇత్తడి గొళ్ళెం. నేను కళ్ళెర్రజేసేలోపే అమ్మ అడ్డుపడింది. "దుమ్ము లేదు. తలుపు వడ్లాయన చేసినాడు. మీ నాయన మరలు బిగించినాడు, అంతే. మాస్కు కూడా పెట్టుకున్నాడు."

నేను సర్టిఫికెట్ లోపల పెట్టి, తలుపు మూసి, గొళ్ళెం వేశాను. బాగుంది నాయనా అన్నాను. ఆయన కుర్చీలోంచి కదల్లేదు.

"ఇంకో ఐదేండ్లకు సుత్తితో పని లేదు. నన్ను పిలిచే పనీ లేదు" అన్నాడు. తర్వాత, అచ్చం నా గొంతుతో, "అయితే చేసి చూపించు" అన్నాడు.

"ఇప్పుడే కదా వేసినా."

"వేసింది చూసినా. తీసేది చూడలా."

గొళ్ళెం తీశాను. తలుపు తెరిచి కాగితం బయటికి తీశాను. మళ్ళీ పెట్టి మూశాను. ఆయన పెదాలు గుండ్రంగా చుట్టి ఊపిరి వదులుతూ, నేనొక్కదాన్నే దాన్ని తీసి పెట్టగలనని నమ్మకం కుదిరేదాకా, నాచేత మూడుసార్లు చేయించాడు.