పుష్పవతిగారి రెండు ఫిల్టర్లు

నూజివీడు బజారులో పుష్పవతిగారంటే జనానికి ముందు కాఫీ గుర్తుకొచ్చేది, ఆ తర్వాతే మనిషి. ఈ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. ఎందుకు మురవకూడదు? చింతలపూడిలో పుట్టి, పదహారో ఏట ఈ మామిడి వ్యాపారుల ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నవి రెండే: మాటకు మాట చెప్పే నోరు, తల్లి ఇచ్చిన ఇత్తడి కాఫీ ఫిల్టరు. నోటిని అత్తగారు రెండేళ్ళలో కొంత అదుపులో పెట్టింది. ఫిల్టరు జోలికి మాత్రం ఎవరూ రాలేదు.

పచ్చి గింజలు బెజవాడ నుంచి తెప్పించి వారానికోసారి మూకుట్లో తనే వేయించేది. పనిమనిషి చేతికిస్తే మాడుస్తుందని భయం. చేతిమర తిప్పుతుంటే ఆ వాసన వీధి మలుపుదాకా పోయేది. పొడి ఫిల్టరు పైగిన్నెలో వేసి, బిళ్ళతో మెత్తగా అదిమి, మరిగే నీళ్ళు పోసి మూత పెట్టిందంటే ఇక అరగంట దేవుడొచ్చినా ఆగాల్సిందే. డికాక్షను చుక్క చుక్కగా దిగేది. "ఓర్చినమ్మకు తేటనీళ్ళు" అనేది ఆవిడ. "ఆలస్యం అమృతం విషం" అనేవాడు ఆవిడ భర్త పాండురంగారావు. సామెతల్లో ఇద్దరూ ఒకరికొకరు తీసిపోరు.

పాండురంగారావు చెడ్డవాడేం కాదు. ఏ పనికైనా నిప్పు తొక్కిన కోతిలా గెంతుతాడు, అంతే. పైగా ఆయన వ్యాపారం అలాంటిది. మాఘమాసంలో మామిడిచెట్లు పూతకు రాగానే రైతులు కాపు అమ్ముకోవడానికి తెల్లవారేసరికి బజారులో దిగేవాళ్ళు. వ్యాపారులు ఎవరి అరుగు మీద వాళ్ళు చాపలు పరుచుకుని కూర్చునేవాళ్ళు. అక్కడ ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని తేల్చుకుంటారు. వేళ్ళ దాకా రావాలంటే ముందు కాఫీ గడవాలి. ఎందుకంటే ఆ బజారులో ఒక కట్టుబాటుండేది. ఏ అరుగు మీద రైతు కాఫీ గ్లాసు ఖాళీ చేస్తే, ఆ వ్యాపారితో బేరం తేలేదాకా ఇంకో అరుగెక్కకూడదు. ఒక గుక్క తాగి పక్కన పెడితే చెల్లదు, గ్లాసు ఖాళీ కావాలి. ఇది ఎక్కడా రాసుకున్నది కాదు, ఎవరూ తప్పినదీ లేదు.

కాబట్టి కాఫీ త్వరగా రావాలి, వచ్చిన కాఫీ బాగుండాలి. ఈ రెండూ ఒకచోట కుదరడం ఎంత కష్టమో పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళకు తెలుసు. అరుగు మీద కూర్చున్నవాళ్ళకేం తెలుస్తుంది, నా మొహం!

ఎదురరుగు వీరభద్రరావుది. ఆయనదీ మామిడి వ్యాపారమే. ఆయన ఇంటి గోడకు ఆనుకునే ఆయన బావమరిది కాఫీ హోటలు. ఇలా చిటికె వేస్తే అలా గోడ మీదుగా గ్లాసు దిగేది. రుచి సంగతి అడక్కండి. వేడిగా ఉండేది, అంతవరకు చెప్పగలను.

1960 పూత రోజుల్లో ఒక పొద్దున్న చాట్రాయి నుంచి చిన్నరాయప్పగారు వచ్చారు. పెద్దమనిషి, మితభాషి, పెద్దరసాల తోట ఉన్నవాడు. ఆ తోట చేతికొస్తే పాండురంగారావుకు ఏడాది గడిచిపోయినట్టే. పదేళ్ళుగా ఆ తోట ఈ అరుగుకే వస్తోంది. పుష్పవతి ఫిల్టరులో నీళ్ళు పోసి అప్పటికి ఐదు నిమిషాలైంది.

"ఏమేవ్, ఇంకా కాలేదా?" అని పాండురంగారావు లోపలికి కేకేశాడు.

కాసేపటికి ఇంకో కేక. "చుక్కలు లెక్కపెడుతున్నావా, కాఫీ కాస్తున్నావా?"

మూడో కేక వీధి చివరిదాకా వినబడింది. "బుర్రలేని మనిషిని కట్టుకుని చస్తున్నాను కదా!"

పుష్పవతి గ్లాసు పట్టుకుని గడప దాటేసరికి చిన్నరాయప్పగారు లేరు. ఎదురరుగు మీద కూర్చుని హోటలు కాఫీ తాగుతున్నారు.

"నీ చుక్కల కాఫీతో తోట పోగొట్టావు" అన్నాడు పాండురంగారావు, పదిమందిలో. ఆ పూటే కాదు, ఏడాది పొడుగునా అన్నాడు. మాటకు మాట చెప్పే మనిషి ఆవిడ, ఈ ఒక్క మాటకు మాత్రం బదులు దొరకలేదు. తోట పోయింది నిజం, కాఫీ ఆలస్యమైంది నిజం. ఏమని వాదిస్తుంది? పదేళ్ళు తెచ్చుకున్న పేరు తన చేతులారా తనే పోగొట్టుకున్నాననుకుంది. గ్లాసులోది పెరట్లో పారబోసి, ఫిల్టరు తోముతూ ఏడ్చింది. వచ్చే పూతకు కూడా ఆ తోట ఎదురరుగుకు పోతే కొట్టు మూసేసి వీరభద్రరావు దగ్గరే గుమాస్తాగా చేరతానని భర్త అన్నప్పటినుంచి ఆవిడకు అన్నం కూడా సయించడం మానేసింది.

కార్తీకం దాటగానే పాండురంగారావు ఒక నిర్ణయానికొచ్చాడు. "యంత్రం కొందాం."

బెజవాడ వెళ్ళి కరెంటు పెర్కొలేటరు పట్టుకొచ్చాడు. తళతళలాడే ఒళ్ళు, మూత మీద గాజు బొడిపె, వెనక నల్లటి తీగ. మీట నొక్కి పక్కన కూర్చుంటే చాలు, దానంతటదే కాచేస్తుందని కొట్టువాడు చెప్పాడట. మీట నొక్కారు. ఇంట్లో దీపాలన్నీ ఒక్కసారి మిణుగురుల్లా అయిపోయాయి. అప్పట్లో మన కరెంటు అంతంతమాత్రం. అది గుడగుడమంటూ ముప్పావుగంట హుక్కా తాగినట్టు తాగి చివరికి కాఫీ ఇచ్చింది. మరిగి మరిగి కరక్కాయ కషాయంలా ఉంది.

"పేరు గొప్ప, ఊరు దిబ్బ" అంది పుష్పవతి.

"బాగానే ఉంది. అలవాటు పడాలి" అన్నాడు పాండురంగారావు. కొన్న పాపానికి గ్లాసంతా తాగాడు, మొహం ఆముదం తాగినట్టు పెట్టుకుని.

వారం తిరక్కుండా మళ్ళీ బెజవాడ బస్సెక్కాడు. ఈసారి ఫిల్టరే కొంటానన్నాడు, కానీ మంచిది కొంటానన్నాడు. పాపం, ఆయనకు పుట్టి బుద్ధెరిగాక ఏ వస్తువైనా మామిడికాయలా చూసి కొనడమే తెలుసు. కొట్లో ఫిల్టర్లన్నీ వరసగా పెట్టించి, ఒక్కొక్కదాన్నీ అరచేతిలో తూచాడు, వేలితో కొట్టి చూశాడు. అలవాటు చొప్పున ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడని కొట్టువాడు తర్వాత చెప్పి నవ్వాడు. కాయ ఎంత పెద్దదైతే రసం అంత ఎక్కువ కదా! ఇరవై గ్లాసుల ఫిల్టరు తెచ్చాడు. బిందెంత ఉంది.

అందులో ఇంటి కొలత పొడి వేస్తే అడుగున విభూతి పూసినట్టు పల్చగా పరుచుకుంది. నీళ్ళు పోయగానే జర్రున దిగిపోయాయి.

"చూశావా! రెండే నిమిషాలు!" అని పాండురంగారావు ఎగిరి గంతేశాడు.

పుష్పవతి గ్లాసులో పోసి చూపించింది. బియ్యం కడుగులా ఉంది. "ఏవండీ, ఇది నిండా పొడి పోస్తేనే పనిచేసేది. రోజూ పెళ్ళివారిని పిలుద్దామా?"

ఆ పెద్ద ఫిల్టరు చింతపండు దాచుకోవడానికి అటక ఎక్కింది. పెర్కొలేటరు అంతకుముందే ఎక్కింది.

పుష్యమాసంలో ఒక పొద్దున్న కనకమ్మ పాలు పోయడానికి వచ్చి అటక వైపు చూసింది. కనకమ్మకు ఇంట్లో ఒక గేదె ఉంది. మామిడికాయల రోజుల్లో తోటల్లో కూలికి వెళుతుంది.

"ఏంటమ్మగారూ, అటక మీద కొత్త సామాను?"

"మీ అయ్యగారికి గబగబా దిగే కాఫీ కావాలంట. వాటితో చస్తున్నా."

"గబగబా అంటే ఏదవుద్దండీ? కాయని తొందరపెడితే పండుద్దా, కుళ్ళిపోద్ది" అంది కనకమ్మ పాలు కొలుస్తూ. "మా తోటలో ఏం చేస్తామో తెలుసా? కాయంతా ఒక్కసారే గడ్డిలో మాగెయ్యం. ఇయ్యాల ఒక గంప, ఎల్లుండి ఒక గంప. ఇది అయిపోయేలోపు అది పండుద్ది. ఆసామి ఎప్పుడొచ్చినా చేతిలో పండు పెడతాం. కాయ తొందరపడక్కర్లేదు, మనం ముందు మేలుకుంటే చాలు."

పుష్పవతి పాలగిన్నె టక్కున కింద పెట్టింది. "ఓసి నీ నోట్లో చక్కెర పొయ్య! ఏడాదినుంచి ఈ మాట ఎక్కడ దాచావే?"

"మీరెప్పుడు అడిగారండీ?"

ఆ మర్నాడే ఆవిడ కనకమ్మను తోడు తీసుకుని ఆగిరిపల్లి మీదుగా బెజవాడ బస్సెక్కింది. సంచీలో పాత ఫిల్టరు, పొట్లంలో సొంత కాఫీ పొడి. కొట్లో నాలుగు గ్లాసుల ఫిల్టర్లు చూపించమని అడిగి, ఒక్కొక్కదాన్నీ వెలుతురుకు ఎత్తి అడుగు చిల్లులు చూసింది. కొన్నిటికి పెద్దవి, కొన్నిటికి మూసుకుపోయినవి. మూడింటిని ఏరి పక్కన పెట్టి, మరిగే నీళ్ళు కావాలంది.

"అమ్మా, ఇది పాత్రల కొట్టండీ, హోటలు కాదు" అన్నాడు కొట్టువాడు.

"పక్కన హోటలుంది కదా నాయనా, ఒక చెంబు తెప్పించు. పొడి నాదే. తాగేది నువ్వే."

వాడు తెప్పించాడు. మూడింటిలోనూ పొడి అదిమి, నీళ్ళు పోసి, పాతదాన్ని పక్కన పెట్టి ఆవిడ బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒకటి గబగబా కారింది, ఒకటి మొండికేసింది. మూడోది పాత ఫిల్టరు అడుగులో అడుగేసినట్టు చుక్క చుక్కగా దింపింది. వచ్చిన డికాక్షనుతో కొట్టువాడికి కాఫీ కలిపిచ్చింది. వాడు తాగి, గ్లాసులోకి ఒకసారి చూసుకుని, ఆ ఫిల్టరు తుడిచి కాగితంలో చుట్టాడు.

"మళ్ళీ ఫిల్టరేనా? అదీ ఇంత పిసరంతదా?" అని పాండురంగారావు నెత్తి కొట్టుకున్నాడు.

"మీ బిందె మీ ఇష్టం, నా పిసరు నా ఇష్టం" అంది ఆవిడ. ఏడాది తర్వాత ఆ నోటికి పాత పదును మళ్ళీ వచ్చింది.

మాఘం వచ్చింది. తొలికోడి కూసేసరికి పుష్పవతి పాత ఫిల్టరులో పొడి వేసి నీళ్ళు పోసేది. అది దిగి సిద్ధమయ్యేసరికి కొత్తదాంట్లో పోసేది. ఒకటి పంచుతుంటే ఇంకోటి దిగుతుండేది. కుంపటి మీద పాలు కాగుతుండేవి. రైతు అరుగెక్కి చెప్పులు విప్పేలోపు గ్లాసు ముందుండేది. రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు, తాగుతున్నారు, బేరాలు తెగుతున్నాయి. కానీ ఆవిడ చెవులు మాత్రం చాట్రాయి బండి ఎద్దుల గజ్జెల కోసం ఎదురుచూస్తున్నాయి.

పున్నమి ముందు రోజు ఆ గజ్జెలు వినిపించాయి. చిన్నరాయప్పగారు బండి దిగి, రెండు అరుగులకూ మధ్య వీధిలో కాసేపు నిలబడ్డారు. తర్వాత మెల్లగా వచ్చి పాండురంగారావు చాప అంచున, లేచిపోవడానికి వీలుగా కూర్చున్నారు. ఎదురరుగు మీద వీరభద్రరావు చిటికె వేశాడు. పాండురంగారావు వంటింటి వైపు తిరిగి నోరు తెరిచాడు.

"ఏ..." అన్నాడో లేదో, పొగలు కక్కే గ్లాసుతో పుష్పవతి ఎదురుగా ఉంది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

చిన్నరాయప్పగారు ముందు వాసన చూశారు. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నారు. "రాయప్పగారూ, ఇక్కడ వేడివేడిగా ఉందండోయ్!" అని ఎదురరుగు నుంచి వీరభద్రరావు పిలుస్తున్నాడు. ఈయన ఆఖరి చుక్కదాకా తాగి, గ్లాసు కింద పెట్టి, కాళ్ళు మడిచి చాప మధ్యకు జరిగారు.

"ఇంకో గ్లాసు ఉంటుందా తల్లీ?"

"ఎందుకుండదండీ!" అంది పుష్పవతి. రెండో గ్లాసు కొత్త ఫిల్టరుది. అది కూడా ఖాళీ అయ్యింది. తువ్వాలు కప్పుకున్నారు, వేళ్ళు కలిశాయి, తోట వచ్చేసింది.

పాండురంగారావు ఆనందం పట్టలేకపోయాడు. "చూశారా రాయప్పగారూ, ఇప్పుడు మా ఇంట్లో ఆలస్యమన్న మాటే లేదు. పోయినేడు మా ఆవిడ కాఫీకి అరగంట చేసి మిమ్మల్ని పోగొట్టింది కదండీ!"

చిన్నరాయప్పగారు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. "కాఫీ ఆలస్యమైందని లేచానని ఎవరు చెప్పారండీ మీకు? పదేళ్ళుగా ఆ అరగంట కోసమే ఈ అరుగెక్కేవాణ్ణి. ఆ వాసన పీలుస్తూ కూర్చోడం నాకిష్టం. పోయినేడు మీరు ఆ తల్లి మీద మూడు కేకలేశారు. మూడోది విన్నాక, ఇక ఆ కాఫీ నా గొంతు దిగదనిపించింది. లేచాను." కాస్త ఆగి, ఎదురింటికి వినపడకుండా గొంతు తగ్గించారు. "అక్కడ తాగినదానికి నాలుగు రోజులు నోరు చేదండీ. ఇవాళ కేక వినపడితే తిన్నగా బండెక్కుదామనే అంచున కూర్చున్నాను."

తలుపు వెనక పుష్పవతి గోడకు చేరగిలబడింది. ఏడాదిగా గుండెలో గుచ్చుకున్న ముల్లు చటుక్కున ఊడి వచ్చినట్టయింది. తన కాఫీకి ఏ దోషమూ లేదు, ఎప్పుడూ లేదు! కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి, అటక మీద బిందె ఫిల్టరు చూస్తే నవ్వు ఆగడం లేదు. కొంగు నోట్లో కుక్కుకుని రెండూ కానిచ్చింది.

బండి వెళ్ళిపోయింది. పాండురంగారావు బజారంతా చూస్తుండగా ఎంగిలి గ్లాసులు రెండూ తనే తీసుకుని లోపలికి వచ్చాడు. వాటిని తూము దగ్గర పెట్టి, కండువా కొస నలుపుకుంటూ నిలబడ్డాడు.

"కాస్త కాఫీ ఉందా?" అన్నాడు చివరికి, ఎన్నడూ లేనంత మెల్లగా.

పాత ఫిల్టరులో ఇంకో గ్లాసుకు సరిపడా డికాక్షను ఉంది. పుష్పవతి దాని మీద మూత సర్ది, కొత్తదాంట్లో పొడి వేసి, బిళ్ళతో అదిమి, మరిగే నీళ్ళు పోసింది.

"ఇప్పుడే వేశానండీ. అరగంట పడుతుంది."

పాండురంగారావు పీట వాల్చుకుని కూర్చున్నాడు. నోరెత్తకుండా అరగంటా కూర్చున్నాడు.