మూడో పాట

లక్ష్మీరాజం ఎదుటివాళ్ల పెదవులు చూస్తూ మాట్లాడతాడు. సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషికి మిగిలిన అలవాటు అది. సాంచాలనే ఆ మగ్గాల మోతను దాటి వినిపించింది ఒక్కటే: కోరుట్ల బావమరిది దుబాయి నుంచి తెచ్చిన ఇంగ్లీషు రాక్ బ్యాండు క్యాసెట్లు. లక్ష్మీరాజమూ, పక్క సాంచ మీది అంబదాసూ డ్రమ్ముల దెబ్బకు కాలాడిస్తూ నేసేవాళ్లు. ఒక క్యాసెట్లో మూడో పాట ఉండాల్సిన చోట టేపు ఖాళీ అనుకొని, ఎప్పుడూ ముందుకు తిప్పేవాళ్లు.

పని మానేశాక, పలకరించేవాళ్లు లేని ఇంట్లో ఆ ఆల్బములనే ఫోన్లో మళ్లీ వింటున్నాడు. మొన్న ఆ చోటు దాటించకుండా ఉంచాడు. ఒక గిటారు వినిపించింది, దాని వెంట చాలా మెల్లగా ఒక గొంతు. అది ఆగేదాకా అతను కదలలేదు. తెల్లారి స్పీకరు పట్టుకొని అంబదాసు ఇంటికి పోయాడు.

"బావా, మనం ఇడిచిపెట్టిన పాట ఒకటున్నది, ఇను!" అని చెవి దగ్గర అరిచాడు.

"అరవకు. నేనేమన్న చెవిటోన్నా?"

పాట పెట్టాడు. అంబదాసు చెవి వెనక చెయ్యి ఆనించి, స్పీకరునే చూస్తూ కూర్చున్నాడు. పాట సగం దాటింది.

"ఇంక షురూ చెయ్యవేంది బావా? చాయ్ సల్లారుతున్నది."

లక్ష్మీరాజం పాట పూర్తయ్యేదాకా ఆగాడు.

"చేస్తున్న," అన్నాడు.

తర్వాతి పాట డ్రమ్ములతో మొదలైంది. అంబదాసు కాలు ఆడింది.