నైరుతి మూలలో స్పీకర్లు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను మొహం మీదే వెక్కిరించేవాణ్ణి. ఇప్పటికీ నాకా నమ్మకాలు లేవు. జరిగింది మాత్రం చెబుతాను.

డెబ్బైల్లో, తిరువూరులో మా వీధిగదికి రెండు స్పీకర్లు చేయించాను. చేసింది వడ్రంగి మస్తాన్ సాయిబు. నడుమెత్తు టేకు పెట్టెలు. ఒక్కోటి కదపాలంటే ఇద్దరు కావాలి. ఆయన గదంతా తిరుగుతూ చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు ఎక్కడ ఎలా తిరిగొస్తుందో విన్నాడు. చివరికి గోడకు మూడడుగులు ఇవతల, నా కుర్చీవైపు కాస్త తిప్పి నిలబెట్టాడు.

పాట పెట్టకముందే మా నాన్న ఒప్పుకోలేదు. వాస్తు ప్రకారం బరువు నైరుతిలో ఉండాలట. రెండింటినీ ఆ మూలకు నెట్టించాం. ఇంకేముంది, ఏ పాట పెట్టినా గొంతు వినపడదు, అంతా గుమ్మనే మోత.

నాన్నను అనే ధైర్యం లేక సాయిబును అన్నాను. పని పాడు చేశాడని బజారంతా చాటాను. సినిమా హాలువాళ్లు ఆయనకిస్తామన్న పని విస్సన్నపేట మనిషికి ఇచ్చారు.

సాయిబు ఒకసారి మా ఇంటికొచ్చి, "ఒక్కసారి మూలలోంచి ఇవతలకి లాగి వినండి బాబుగారూ, ఆ తర్వాత నన్నేమన్నా పడతాను" అన్నాడు. గుమ్మం దాటనివ్వలేదు. ఆరు నెలలకు జ్వరంతో పోయాడు.

ఆయన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు పిలుపొచ్చింది. మొహం చెల్లక, పనుందని గంపలగూడెం వెళ్లాను. నాన్న రెడ్డిగూడెంలో మా అత్త ఇంట్లో ఉన్నాడు. రికార్డులుంటాయని వీధిగదికి ఎప్పుడూ తాళం వేసి వెళ్లేవాణ్ణి.

మిట్టమధ్యాహ్నం తిరిగొస్తే మా ఆవిడ వింతగా చూసింది. గదిలో ఎవరో చప్పట్లు కొడుతుంటే నేనే వచ్చాననుకుందట. తాళం వేసినట్టే ఉంది, చెవి నా జేబులో ఉంది. తీసి చూస్తే లోపల కిటికీ గడియలూ వేసే ఉన్నాయి. పెట్టెలు మాత్రం గోడకు మూడడుగులు ఇవతల, కుర్చీవైపు తిరిగి ఉన్నాయి. గచ్చు మీద ఈడ్చిన గీత ఒక్కటీ లేదు.

పాట పెట్టాను. మనిషి ఎదురుగా కూర్చుని పాడినట్టు ప్రతి మాటా తేటగా వినిపించింది. భయం కంటే ముందు సిగ్గేసింది.

తిన్నగా సాయిబు ఇంటికి వెళ్లి, పెట్టెలు బాగున్నాయని ఆయన భార్యతో చెప్పాను. ఆమె తలెత్తలేదు.

"నాకు తెలుసండీ. బజార్లో చెప్పండి" అంది.

చెబితే నాన్నను తప్పుపట్టినట్టవుతుంది. చెప్పలేదు. వాటిని ఎవరు జరిపారో ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు. ఆ సాయంత్రం నాన్న వచ్చే బస్సు వేళకు ఇద్దరు కూలీలను పిలిచి, పెట్టెలను మళ్లీ మూలకు నెట్టించాను.