ఫాల్ విప్పిన చీర

మా బీరువాలో కింది అర తెరిస్తే గంజి, కలరా ఉండలు, ప్లాస్టిక్ కవరు కలిసిన వాసన ఒకటి వస్తుంది. కొత్త బట్టల వాసనే, కానీ నాకు పడదు. అందులో ఉన్నవన్నీ పెట్టుడు చీరలు, జాకెట్ ముక్కలు. ఎవరి పెళ్లిలోనో మాకు పెట్టినవి, మేము ఇంకెవరికో పెట్టబోయేవి, ఒక్క ఒంటి మీదికీ ఎక్కకుండా బచ్చన్నపేట నుంచి ఈ మహబూబాబాద్ దాకా ఇల్లిల్లూ తిరిగేవి. పిల్ల పడుకున్నాక సర్దుదామని ఆ అర తెరిచాను. వాసన తగలగానే నా తొమ్మిదో ఏట, చిట్యాల దగ్గర మా మేనత్త ఇంట్లో జరిగిన పెళ్లి గుర్తొచ్చింది.

ఆ ఏడు మా బడి నడిచిన రోజుల కన్నా మూసిన రోజులే ఎక్కువ. మాకు తెలంగాణ ఉద్యమం అంటే ముందుగా సెలవు. తర్వాత రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండిన కిచిడీ, దాని మీద గరిటెడు పచ్చిపులుసు, బస్సులు రాని తారురోడ్డు మీద గీతలు గీసి ఆడిన కబడ్డీ, డప్పు మోగితే ఆట వదిలేసి ఊరేగింపు వెనుక పరుగు. చేలల్లో ఆఖరి పత్తి ఏరుతున్న రోజులు. అమ్మ కొంగులోంచి రాలిన పత్తిని మూటగట్టి బొమ్మకు పరుపు చేసేదాన్ని. బాపు పొద్దున చేను చూసుకుని, మధ్యాహ్నం దీక్షా శిబిరంలో కూర్చుని, పొద్దుగూకాక గొంతు బొంగురుపోయి ఇంటికి వచ్చేవాడు.

పెళ్లికూతురు మా మేనత్త కూతురు, నాకు వదిన. బాపు ఆమెకు ఒక్కగానొక్క మేనమామ. పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి తేవాల్సింది ఆయనే. సెలవులకు మా ఊరు వచ్చిన వదినను భుజాల మీద ఎక్కించుకుని చేలగట్ల వెంట తిప్పిన మనిషి, ఆ గంప ఎత్తే రోజు కోసం ఏళ్లుగా ఎదురుచూశాడు. కానీ గంప ఎత్తే ముందు మేనమామ తన అక్కకు పట్టుచీర, బావకు ధోవతి పెట్టాలి. అదీ చేతిలో పెట్టి ఊరుకుంటే సరిపోదు. ఊరి బయట నుంచి డప్పులతో తెచ్చి, నలుగురి ముందు మడతలు విప్పి చూపించాలి.

చీర కొనడానికి వెళ్లిన రోజు జనగామ బంద్. సగం ఎత్తిన షట్టర్ కింద నుంచి వంగి బట్టల దుకాణంలోకి దూరాం. లైటు వేస్తే బయటివాళ్లు చూస్తారని దుకాణదారు చీకట్లోనే చీరలు చూపించాడు. అమ్మ అంచును వేళ్లతో తడిమి, సరేననుకుంది. పెళ్లికి ట్రాలీ ఆటోలో బయల్దేరాం. దారిలో అడ్డంగా పడేసిన చెట్ల దగ్గర యువకులు ఆపి, పెళ్లోళ్లమని చెబితే కొమ్మలు జరిపి, నాతో జై తెలంగాణ అనిపించుకుని వదిలారు. నేను ఎంత గట్టిగా అన్నానో, బాపు అంత మురిసిపోయాడు.

పందిట్లో బగారా అన్నం ఘుమఘుమలు, మామిడాకుల పచ్చివాసన, మల్లెపూల దండలు. ఎండలో అత్త ఆ చీర మడత విప్పింది. మడత పొడవునా రంగు వెలిసి తెల్లటి గీత పడి ఉంది. దుకాణం చీకట్లో అది మాకు కనపడలేదు.

"తెలంగాణ తెచ్చుడు తర్వాత గని తమ్మీ, ముందుగాల అక్కకు చీర తెచ్చుడు నేర్సుకో," అంది అత్త. ఆడవాళ్లందరూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. "గిది కట్టుకోని పీటల మీద ఎట్ల కూసోవాలె? మా ఇజ్జత్ ఏంగావాలె? గంప మా మరిది ఎత్తుతడు తియ్."

బాపు మెడలోని కండువా తీసి చేతికి చుట్టుకున్నాడు, మళ్లీ విప్పాడు. అమ్మ నా రెక్క పట్టుకుని వడ్ల బస్తాలున్న గదిలోకి లాక్కుపోయింది. సంచిలోంచి తన పట్టుచీర తీసింది. మా అమ్మమ్మ కొనిచ్చిన నెమలికంఠం రంగు చీర. ముహూర్తానికి కట్టుకుందామని దాచుకున్నది. కట్టిన చీర పెట్టడం మాలో అవమానం. ఫాల్ కుట్టి ఉంటే కట్టిన చీరేనని ఎవరైనా పోల్చుకుంటారు. అమ్మ ఆ కుట్టును పళ్లతో కొరికి తెంపుతుంటే నేను దారాలు పీకాను. తర్వాత అంచును గోటితో రుద్ది రుద్ది మడతపెట్టింది.

అత్త ఆ చీర కట్టుకోలేదు కానీ, పట్టును చూసి తలూపింది. బాపు గంప ఎత్తాడు. వదిన ఆయన తల పట్టుకుని కూర్చుంది. ఆ నాలుగడుగుల దూరం ఆయన ముఖం ఎట్లా వెలిగిందో నేను చూశాను.

మేం అన్నానికి కూర్చునేసరికి పెళ్లిలో పెట్టిన బట్టలన్నీ ఆడవాళ్ల చేతులు మారుతున్నాయి. కూర నూనె అంటిన వేళ్లతో అంచులు నలపడం, ధర చీటీ కోసం మడతల్లోకి తొంగిచూడడం, తాంబూలం నములుతూనే పెదవి విరవడం. ఒకామె బొటనవేలు చీర అంచు కింద ఆగింది. "సూది బెజ్జాలున్నయ్," అంది.

అత్త వచ్చి ఆ చీరను అమ్మ ఒడిలో పడేసింది. "నీ చీర నువ్వే కట్టుకో. కట్టినయి కట్టుకునేంత కరువు మాకు రాలే."

బాపు విస్తరి ముందు నుంచి లేవబోయాడు. అమ్మ ఎడమచేత్తో ఆయన చొక్కా పట్టుకుని లాగింది. "కూసో. లేస్తే తినకుంట పోయిన్రని అదొక పేరు పెడతరు." చీరను విస్తరికి తగలకుండా పక్కకు జరిపి, వడ్డించిందంతా తింది. వందమంది ఆమెనే చూస్తున్నారు.

ఆ తర్వాత కూడా ఆ ఇంట్లో ఏ కార్యమైనా బాపు మానలేదు. మానితే అక్క కాకుండా పోతుందని భయం. ఆయన పోయినప్పుడు, పదో రోజున అత్త అమ్మకు చీర తెచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిన అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి అమ్మ బొటనవేలు సూది బెజ్జాల కోసం అంచు కింద పాకడం చూసి నేను బయటికి వచ్చేశాను. నాకు అత్త మీద కలిగిన అసహ్యం వేరు, ఇది వేరు.

శిబిరాలు ఎత్తేశారు, రాష్ట్రం వచ్చింది, పత్తి మూటల మీద ఆడుకున్న పిల్లలం తలా ఒక ఊరు చేరాం. గంప ఎత్తిన బాపు లేడు. పోయిన వారం వదిన ఫోన్ చేసింది. భూపాలపల్లిలో హాలు మాట్లాడారట, తన బిడ్డకు చీర కట్టించే ఫంక్షన్. "పెట్టేటియన్ని పెద్ద తెర మీద చూపెడతరు, జర మంచియి తేండ్రి," అంది.

నేను రానని అమ్మకు చెప్పాను.

"రాకుంటే ఎట్లనే? నీకో ఆడపిల్ల ఉన్నది. రేపు దాని పెండ్లిల పంక్తికి ఎవలు కూసుంటరు?"

నా బిడ్డకు ఇంకా పళ్లన్నీ రాలేదు. దాని పెళ్లికి వచ్చేవాళ్లను ఇప్పటి నుంచే కొనుక్కోవాలా అని అడిగాను. అమ్మ మర్నాడు ఒక్కతే జనగామ పోయి రెండు చీరలు తెచ్చింది. ఒకటి తన పేరున పెట్టడానికి, ఒకటి నా బిడ్డ పేరున.