ఘంటసాల దాకా తొక్కించిన టీచర్ గారు

మా డ్రిల్లు టీచర్ గారు పోయిన బుధవారం గుడివాడలో కన్నుమూశారు. కబురు తెలిసేసరికి నేను బందరు బస్సులో ఉన్నాను. పామర్రులో దిగి గుడివాడ బస్సెక్కాను. ఆవిడ శిష్యురాలినని చెప్పుకోవడం నాకెప్పుడూ గర్వమే.

తొంభైలలో, చల్లపల్లి దగ్గర మా ఊరి హైస్కూల్లో పనిచేసేవారు. చలికాలం వస్తే మిగతా టీచర్లు శాలువాలు కప్పుకుని ఎండపొడ వెతుక్కునేవారు. ఈవిడ మమ్మల్ని మంచులోనే కాలువ గట్టు వెంట నడిపించేవారు. కోతలైన చేలల్లో కబడ్డీ ఆడించేవారు. ఎవరైనా వణికితే, "చలి కూర్చున్నవాళ్ళ పక్కనే కూర్చుంటుందమ్మా, లేవండి!" అనేవారు. ఆటయ్యాక తేగలు కాల్చి పెట్టేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, డిసెంబరులో, ఆడపిల్లలందరం సైకిళ్ళ మీద ఘంటసాల వెళ్ళి బౌద్ధస్తూపం చూసొద్దామన్నారు. ఆదివారం ఆవిడకు చర్చి, అందుకని శనివారం. పన్నెండుమందిమి పేర్లిచ్చాం. బందరు నుంచి చేపలు తెచ్చి అమ్మే మా నాన్న ఆ సంగతి విని నేరుగా స్కూలుకొచ్చేశాడు.

"రోడ్డు మీద లారీలు, పైగా మంచు. ఆడపిల్లల ముందు ఎవరుంటారండీ?"

"నేనుంటానండీ."

"మీకు సైకిలొచ్చాండీ?"

"ఇంకా రాదండీ. రెండు వారాలు టైముందిగా."

అప్పటికి ఆవిడకు నలభై ఆరేళ్ళు.

రోజూ స్కూలు వదిలాక గ్రౌండులో నేర్చుకున్నారు. వెనక సీటు పట్టుకుని పరిగెత్తింది మేమే. ఊళ్ళో జనం గోడ దగ్గర నిలబడి నవ్వారు. మూడోరోజు పడితే మోచెయ్యి చీరుకుపోయింది. నాకు ఏడుపొచ్చింది. "పడడం కూడా నేర్చుకోవాల్సిందేనే. ఇంకోసారి తొయ్యి" అన్నారు.

ఆ శనివారం ముందు ఆవిడ, వెనక వరసగా మేము. మంచులో ఒకరికొకరం కనిపించక బెల్లులు కొట్టుకుంటూ వెళ్ళాం. ఒక మలుపులో గడ్డి ట్రాక్టరు ఎదురొస్తే బెదిరి పంటబోదెలో పడ్డాను. లంగా అంతా బురద. ఇంటికెళ్ళిపోతానన్నాను. ఆవిడ బోదెలోకి దిగి, నా సైకిలు పైకి లాగి, హ్యాండిలు సరిచేశారు.

"ఇక్కణ్ణించి ఇల్లెంత దూరమో ఘంటసాలా అంతే. ఎటు తొక్కుతావో నువ్వే చెప్పు."

ఘంటసాల వైపే తొక్కాను. స్తూపం పక్కన అందరితో కూర్చుని పులిహోర తిన్నాను.

సాయంత్రం ఊరి మొదట్లో నాన్న నిలబడి ఉన్నాడు. నా లంగా చూశాడు. పక్కాయన వైపు తిరిగి, "మావాళ్ళు ఘంటసాల వెళ్ళొచ్చారు బావా, సైకిళ్ళ మీదే!" అన్నాడు. మరుసటేడు సైకిలు ప్రయాణానికి మా చెల్లి పేరు తనే రాయించాడు.

కానీ నాలో నిలిచిపోయింది తిరుగుదారిలో ఒక్క క్షణం. ఎండ బాగా కాస్తోంది. కుప్పలు వేసిన చేలల్లోంచి కొంగల గుంపు ఒక్కసారిగా లేచింది. అదుగో అని మాకు చూపించడానికి టీచర్ గారు మొదటిసారి హ్యాండిలు మీంచి ఒక చెయ్యి తీశారు. సైకిలు తూలలేదు. కొంగలు ఎటు వెళ్ళాయో ఎవరూ చూడలేదు. పన్నెండుమందిమీ గాలిలో లేచిన ఆ చేతినే చూస్తూ తొక్కాం.