ఏసీలో మిరప ఘాటు

నా భార్య నా కారెక్కడం మానేసి బస్సులో బడికి వెళ్ళడం మొదలుపెట్టిన రోజున, తప్పు ఎవరిదో నాకు స్పష్టంగా తెలుసు. ఆమె అన్నయ్యది. ఈ మాట అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను, అడిగితే ఇంకోసారి చెబుతాను.

ముందు కారు సంగతి. పాత డీజిల్ బండి. మామూలు కార్లకు డిక్కీ ఉండే చోట కూడా దీనికి కప్పు సాగి ఉంటుంది. చూసినవాళ్ళు అంబులెన్సా అని అడుగుతారు. అడిగినవాళ్ళ ముఖాలన్నీ నాకు గుర్తున్నాయి. మా హన్మకొండలోనే ఒక మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండా, "ఇంక దీన్ని ఇడిచిపెట్టున్రి సార్, తుక్కుకు ఏసినా తీస్కునేటోడు ఆలోచిస్తడు" అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఏ షెడ్డు గడపా తొక్కలేదు. ఇంజిన్ ఆయిల్ నేనే మారుస్తాను. డీజిల్ ఫిల్టర్ మార్చాక గొట్టంలో చిక్కిన గాలి పోయేదాకా చేతిపంపు నొక్కడం నేర్చుకున్నాను. చలికాలం పొద్దున్నే బండి మొరాయిస్తుంటే, ఇంజిన్‌ను వెచ్చబెట్టే ప్లగ్గులు నేనే విప్పి కొత్తవి బిగించాను. ఆ షెడ్డు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే ఇప్పటికీ గట్టిగా హారన్ కొట్టి మరీ వెళ్తాను. ఎందుకు కొడుతున్నానో అతనికి తెలియదు. నాకు తెలుసు, అది చాలు.

నా భార్య రఘునాథపల్లి దగ్గర ఒక ఊళ్ళో టీచరు. నేను రిటైరయ్యాక ఆమెను పొద్దున బడి దగ్గర దింపడం, సాయంత్రం తీసుకురావడం నా పనిగా పెట్టుకున్నాను. పెట్టుకోమని ఎవరూ అనలేదు. ఇంట్లో ఆమెకు వంట, పేపర్లు దిద్దడం, ఫోన్లు. మేమిద్దరం పక్కపక్కన తీరిగ్గా కూర్చునేది కారులోనే. ఆమె బత్తాయి వలిచి సగం నాకిచ్చేది. ఆ దారి నాకు కావాలి. అంతకంటే వివరంగా చెప్పలేను.

స్టేషన్ ఘన్‌పూర్ అవతల మా బావకు, అంటే ఆమె అన్నయ్యకు, మిరప తోట ఉంది. కిందటి ఎండాకాలం పంట ఎండి బస్తాలకెక్కాక ఆయన ట్రాలీ చెడిపోయింది. నా కారు అడిగాడు. నన్ను కాదు, చెల్లెల్ని అడిగాడు. వెనక సీట్లు మడిచి, బస్తాలు కప్పు దాకా కుక్కి, ఎనుమాముల మార్కెట్‌కు తానే నడుపుకుపోయాడు. సాయంత్రం తెచ్చి నిలబెట్టి, "కడిగిచ్చిన బావా" అన్నాడు. కడిగింది బయట.

మర్నాడు ఏసీ వేశాం. కాజీపేట రాకముందే ఇద్దరికీ తుమ్ములు మొదలయ్యాయి. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు. బడి ముందు దిగేసరికి ఆమె కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. హెడ్మాస్టరు పక్కకు పిలిచి, "ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా మేడం?" అని అడిగాడట. ఆ పైన ఒక టీచరమ్మ నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు.

"మిర్చి పోయినంక చెప్పు, అప్పుడెక్కుత" అంది నా భార్య. తెల్లారి బస్సెక్కింది.

బావకు ఫోన్ చేశాను.

"బావా, నీ మిర్చి నా బండ్లనే ఉన్నది."

"లే బావా, బస్తాలన్ని దించినం. తూకం గూడ సరిపోయింది."

"బస్తాలు కాదు. ఏసీల ఉన్నది. తుమ్ములు వస్తానయి."

"మంచిదే కద. మంది మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏస్తరు దిష్టి పోవాలని. నీకు ఉత్తగనే పోయింది."

జరిగింది నేనే విప్పి చూసి తెలుసుకున్నాను. దారిలో ఆయనకు కళ్ళు మండాయి. మనిషన్నవాడు అద్దాలు దించుతాడు. ఆయన అద్దాలు ఎక్కించి, ఏసీ పెంచి, లోపలి గాలే లోపల తిరిగేలా మీట తిప్పాడు. ఏసీ వేస్తే లోపలి కాయిల్ చెమర్చి తడిగా ఉంటుంది. బస్తాల్లోంచి లేచిన కారమంతా ఆ తడికి పట్టుకుంది. ఇప్పుడు ఎండినప్పుడల్లా కొంచెం కొంచెంగా మా మీదికి వస్తోంది.

మొదట ఇంట్లోని వ్యాక్యూమ్ క్లీనర్ వాడాను. ముందు సీటు ఎదుట ఉండే సొరుగు ఊడదీసి, గాలి విసిరే బ్లోయర్ మోటారు విప్పి, ఆ రంధ్రంలో గొట్టం పెట్టి పీల్చాను. ముందు నుంచి పీల్చిందంతా ఆ మిషన్ వెనక నుంచి వదులుతుందని నాకు తట్టలేదు. కారు వరండా పక్కనే ఉంది, తలుపు తీసి ఉంది. ఆ రోజు ఇల్లంతా తుమ్మింది. నా భార్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికొచ్చి, "బండ్లున్నది సరిపోలేదని ఇంట్ల గూడ చల్తానవా?" అంది. ఈ అవమానం కూడా మా బావ ఖాతాలోదే.

తర్వాత మొక్కలకు మందు కొట్టే చేతి స్ప్రేయర్‌తో నీళ్ళు కొట్టాను. బండి కింద సన్న గొట్టంలోంచి ఎర్రనీళ్ళు కారాయి. సంతోషించాను. బిగించి ఏసీ వేస్తే, తడిసిన కారం ఇంకా కోపంగా వచ్చింది.

ఈలోగా ఆమెకు బస్సు అలవాటవుతోంది. బస్సులో ఎవరు ఏం మాట్లాడారో ఇంటికొచ్చి నవ్వుతూ చెబుతోంది. అది నాకు మిరప కంటే ఎక్కువ మండింది.

ఒక రోజు అన్నం తింటుంటే పచ్చిమిరపకాయ కొరికాను. నీళ్ళు తాగినా తగ్గలేదు. మజ్జిగ తాగితే తగ్గింది. గ్లాసు కింద పెట్టకుండానే లేచి పెరుగు గిన్నె మూత తీసి చూశాను.

ఆమె బడికి వెళ్ళాక గిన్నెడు పెరుగు చిలికి, పల్చని గుడ్డలో వడగట్టి, స్ప్రేయర్‌లో పోసి ఏసీ కాయిల్‌కు పట్టించాను. కాసేపు నానబెట్టి నీళ్ళతో బాగా కడిగాను. తర్వాత వంటింటి చిమ్నీకి తెచ్చిన పాత జాలీ, దాని మీద రెండు పొరల గుడ్డ కత్తిరించి గాలి లోపలికి వెళ్ళే చోట బిగించాను. ఈ బండి చేసినవాళ్ళకు కూడా తట్టని ఏర్పాటు అది. ఏసీ వేసి అద్దాలు మూసుకుని కూర్చున్నాను. ఒక్క తుమ్ము రాలేదు.

"పెరుగేమైంది?" అని అడిగింది సాయంత్రం.

"అయిపోయింది" అన్నాను.

మర్నాడు ఆమె కారెక్కింది. కాజీపేట దాటాం. తుమ్ములు లేవు.

"ఏందో పుల్లటి వాసనొస్తాంది."

"కొత్త జాలీ వాసన. అదట్లుంచు, ఇన్ని దినాలు నేను పడ్డ తిప్పలకు మీ అన్న ఒక్క మాటన్న..."

"బండి పక్కకాపు."

ఆపాను.

"బస్సుల నిలబడి పోయిన. కాళ్ళు గుంజినయ్. కని ఒక్కరు గూడ మా అన్న ముచ్చట తియ్యలే. పానం హాయిగుండె. మిర్చి రాకముందు గూడ నీది ఇదే ముచ్చట. మన పెండ్లి దావత్ల అన్న రెండోసారి మటన్ ఎయ్యలేదని..."

"రెండోసారి కాదు. మొదటిసారే ఎయ్యలేదు."

"గీ బండ్ల మా అన్న మాట రావద్దు. వస్తే రేపట్నుంచి మళ్ళ బస్సే. చెప్పు."

గేరు మార్చాను. అదే నా జవాబు. ఆమె సంచిలోంచి బత్తాయి తీసింది.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రోడ్డు పక్కన తెల్ల అంగీ వేసుకుని బస్సు కోసం నిలబడింది ఎవరో నేను చూశాను. వేగం తగ్గించలేదు.

"అన్న. ఆపు" అంది.

బావ వెనక సీట్లో కూర్చుని కాళ్ళు చాపాడు. రఘునాథపల్లిలో పనుందన్నాడు.

"మస్తు సల్లగుంది బావా. మిర్చి మిర్చి అని ఫోన్ల మొత్తుకుంటివి, ఏదీ? నాకైతే ఏం వస్తలేదు."

నా భార్య బత్తాయి వలవడం ఆపి నా వైపు చూసింది. నేను రోడ్డు వైపు చూశాను.

"ఉత్తగ ఫికర్ పెట్టుకున్నవ్. బండంటే ఏదో ఒకటి ఉంటది. పెరుగన్నం తిన్నరా గీ బండ్ల?"

"లేదు" అన్నాను. ఆ ఒక్క మాట వెనక ఎన్ని మాటలు నిలబడి ఉన్నాయో ఆయనకు తెలియదు.

"మొన్న ట్రాలీ బాగైంది. అయినా ఈ బండే నయముంది బావా. మళ్ళ పంటకు ఇదే తీస్కపోత."

నేను నోరు తెరిచాను. ఆమె సగం బత్తాయి నా నోటికందించింది. నమిలాను. రఘునాథపల్లిలో ఆయన దిగి, తలుపు గట్టిగా వేసి వెళ్ళిపోయాడు. నెమ్మదిగా వేయాలని చాలాసార్లు చెప్పాను. ఇప్పుడు అది కూడా చెప్పలేదు.

బడి ముందు నా భార్య దిగి, కిటికీలోకి వంగింది.

"సాయంత్రం జర జల్ది రా. బస్సు పోయినంక వచ్చేవు" అంది.

తల ఊపాను. ఆమె గేటు లోపలికి వెళ్ళేదాకా చూసి, బండి తిప్పి, అద్దాలన్నీ ఎక్కించి, పెండ్లి దావత్ దగ్గర నుంచి మొదలుపెట్టాను. ఒక్కటీ వదలకుండా, బయటికే, గట్టిగా చెప్పాను. ఘన్‌పూర్ దాటింది, కాజీపేట వచ్చింది. ఇంకా సగం మిగిలింది. పరవాలేదు. సాయంత్రం ఆమెను తీసుకురావడానికి మళ్ళీ అంత దూరం ఒక్కడినే వెళ్ళాలి కదా.