పోచన్న గెలిచిన ఆట

దుబాయ్ దగ్గరి కల్బాలో ఇళ్లు కట్టే కూలీల క్యాంపుకు పోచన్న వంటవాడు. పొయ్యి ముందు చెమటోడ్చే ఈ యాభై నాలుగేళ్ల మనిషి ఒకప్పుడు కబడ్డీలో పేరుమోశాడంటే కొత్తవాళ్లు నమ్మరు. నమ్మించే పని అతని ఊరి కుర్ర కూలీ హన్మాండ్లుది. అతని నోట్లో నువ్వుగింజ నానదు.

"పెద్ద యుద్ధం నడిచే దినాలల్ల, ఆఖరి కూతల నలుగురిని గుంజుకొని గీత ముట్టిండు మా కాక. ఆట ఖలాస్. మిల్లోళ్లు ఆడికాడనే నౌకరిచ్చిండ్రు" అని ప్రతి శుక్రవారం భోజనాల దగ్గర చెప్పేవాడు.

నిజం వేరు. రెండో ప్రపంచ యుద్ధానికి మంచి ఆటగాళ్లంతా పటాలంలో చేరిపోతే ఇరవై ఏళ్ల పోచన్నకు జట్టులో చోటు దొరికింది. గెలిపించినవాడికి క్యాంటీనులో ఉద్యోగమని చక్కెర మిల్లువాళ్లు ఆశపెట్టారు. ఆఖరి కూతలో అవతలి జట్టు పర్శరాములు పోచన్న నడుం పట్టి పడేశాడు. గీత ఇంకా జానెడు దూరం ఉండగానే పోచన్న దమ్ము తెగింది. నోరు మూసుకునే చెయ్యి చాపి గీత ముట్టాడు. జనం గోలలో రిఫరీ పోల్చుకోలేదు. కూత తెగినవాడు తనంతట తానే లేచి చెప్పాలన్నది ఆ ఊళ్ల కట్టుబాటు. పోచన్న చెప్పలేదు. పర్శరాములుకు రావలసిన కొలువులో ముప్పై ఏళ్లు వండి, ఆ వంట పనితోనే ఈ క్యాంపుకు చేరాడు.

1978లో అదే క్యాంపుకు పర్శరాములు తాపీమేస్త్రీగా వచ్చాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం మన పోచన్న. ఆ వారం నుంచే పర్శరాములు పళ్లెంలో మూలుగ బొక్కలు, మెత్తటి తునకలు అడక్కుండా పడేవి. అతను వాటిని తిని లేచిపోయేవాడు. తన గరిటెను చూస్తే పోచన్నకే సిగ్గేసేది. అయినా మళ్లీ శుక్రవారం అది గిన్నె అడుగుదాకా వెళ్లేది.

ఒకరోజు హన్మాండ్లు పర్శరాములునే అడిగాడు. "నువ్వు గూడ ఆనాడు ఆడినవంట గద మేస్త్రీ. మా కాక ఆట ఎట్లుండె?"

పోచన్న గరిటెను గిన్నెలోనే వదిలేశాడు.

"మంచిగ ఆడిండు" అన్నాడు పర్శరాములు.

కాసేపటికి పోచన్న అతన్ని వంటగదిలోకి పిలిచాడు. తలెత్తలేక పొయ్యికేసి చూస్తూ, "నీ బాంచెన్ పర్శన్నా, నా ఇజ్జత్ నిలవెడితివి" అన్నాడు.

"నేనెట్ల చెప్త? నీ కూత నా చేతులల్లనే తెగింది. గని తెగినోడే చెప్పాలె గద. ముప్పై నాలుగేండ్ల సంది చెప్తవనే చూస్తున్న. ఇప్పుడు అందరు ఆడనే కూసున్నరు, పో" అని పర్శరాములు వెళ్లి తన చోట కూర్చున్నాడు.

పోచన్న కూర గిన్నెతో బయటికి వచ్చాడు. "ఒక మాట..." అన్నాడు.

అందరూ తినడం ఆపి చూశారు. "చెప్పు కాకా" అన్నాడు హన్మాండ్లు, సొంత తండ్రిని చూసినంత గర్వంగా.

పోచన్న గరిటె అందుకున్నాడు.

"కూర... ఇంకింత వెయ్యాల్నా?"

పళ్లేలు ముందుకు వచ్చాయి. పోచన్న ఒక్కొక్కరికీ వడ్డించుకుంటూ చివరికి వెళ్లాడు. పర్శరాములు తన పళ్లెం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.